అంగిలి మీది ఆనవాళ్లు: హెచ్ఐవీతో జీవిస్తున్నవారి నోటి ఆరోగ్యం

1960ల రెండో సగంలో బొంబాయి నుంచి దంతవైద్యుల బృందం ఒకటి వచ్చి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఫాలి మెహతా నడిపిన దంత పరిశోధన విభాగం అది. దేశంలో ఐదు జిల్లాలను ఎంచుకుని 50,915 మంది గ్రామీణుల నోళ్లు తెరిపించి చూశారు. అందులో శ్రీకాకుళం వాళ్లు 10,169 మంది. ఈ జిల్లాను ఎంచుకోవడానికి కారణం ఇక్కడి ఆడవాళ్ల అడ్డపొగ. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని పొగ తాగే అలవాటు ప్రపంచంలో కొద్ది చోట్లే కనిపిస్తుంది. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా ప్రాంతాల్లో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గకో నాలుకకో వస్తుంటే ఇక్కడ అంగిలికి రావడం అందుకే. అడ్డపొగ మీద ఆ బృందం రాసిన పరిశోధన పత్రం 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చయింది. దాని మీద మొదటి పేరు డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్‌ది.

ఇరవై ఏళ్లు గడవకముందే అదే పిండ్‌బోర్గ్ మరో పెద్ద పనికి పూనుకున్నారు. ఎయిడ్స్ ప్రపంచమంతా పాకుతున్న రోజులవి. రోగుల నోళ్లలో రకరకాల మచ్చలు, పుండ్లు, పూతలు కనిపిస్తున్నాయి. ఒక్కో దేశంలో వైద్యులు ఒక్కో పేరుతో రాసుకుంటున్నారు. వాటన్నిటినీ ఒక వరసలో పెట్టి ఆయన 1989లో ఒక వర్గీకరణ ప్రకటించారు. దాన్ని మెరుగుపరిచి 1993లో యూరప్ నిపుణులు, కోపెన్‌హాగెన్‌లోని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం కలిసి వెలువరించిన జాబితానే దంతవైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటున్నారు. శ్రీకాకుళం అంగిళ్లను ప్రపంచానికి చూపించిన మనిషే హెచ్ఐవీ నోటికి పటం గీశాడన్న మాట. ఈ రెండు సంగతులను కలిపి చూసిన రాతలు తెలుగులో నాకు కనబడలేదు. ఉత్తరాంధ్రలో హెచ్ఐవీతో బతుకుతున్న మనిషి నోట్లో మాత్రం ఆ రెండూ కలిసే ఉండొచ్చు.

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీ ఉన్నవారు 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాతి స్థానం మనదే. మనుషుల లెక్కన చూస్తే మూడు లక్షల పైచిలుకు. మహారాష్ట్ర తర్వాత ఇంతమంది ఉన్నది ఇక్కడే. ఉత్తరాంధ్రకు వలసల కథ కూడా ఉంది. గుజరాత్ వెరావల్ పడవల మీదికి వేటకు వెళ్లే శ్రీకాకుళం మత్స్యకారులు, హైదరాబాదు, చెన్నై, ముంబై నిర్మాణ పనులకు పోయే కూలీలు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు. జబ్బు సంగతి బయటపడటం, మందు మొదలుపెట్టడం, మానకుండా వాడటం, అన్నీ ఆ రాకపోకల మధ్యనే జరగాలి.

ఈ జబ్బుకూ నోటికీ ముడి మొదటిరోజు నుంచీ ఉంది. ఎయిడ్స్‌ను ప్రపంచం తొలిసారి గుర్తించింది 1981 జూన్ 5న. లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని అమెరికా ఆరోగ్య శాఖ వారపత్రిక రాసింది. ఆ ఐదుగురికీ క్యాండిడా అనే బూజు జాతి సూక్ష్మజీవి వల్ల పూత కూడా ఉంది. ఇంకా ఆ జబ్బుకు పేరే లేదు, వైరస్ ఏదో తెలియదు, రక్తపరీక్ష లేదు. నోరు మాత్రం అప్పటికే ఆనవాలు చూపించింది. మన దేశంలో 1986లో మద్రాసులో సునీతి సోలమన్ బృందం తొలి కేసులు బయటపెట్టింది. 2000లో చెన్నై రాగస్ దంత కళాశాలకు చెందిన రంగనాథన్ బృందం దక్షిణ భారతంలో 300 మంది హెచ్ఐవీ రోగుల నోళ్లు పరీక్షించి రాసిన పత్రం ఈ విషయంలో మనకు తొలి పెద్ద ఆధారాల్లో ఒకటి. అందులోనూ క్యాండిడా ముందు వరసలోనే ఉంది.

ఈ క్యాండిడా పూత గురించి కాస్త విడమర్చి చెప్పుకోవాలి. అది ఒకే రూపంలో రాదు. అందరికీ తెలిసింది తెల్లపూత: విరిగిన పాల తరకల్లా బుగ్గల లోపల, నాలుక మీద, అంగిలి మీద పేరుకుంటుంది. గాజుగుడ్డతో తుడిస్తే ఊడొస్తుంది, కింద ఎర్రటి చర్మం కనిపిస్తుంది, ఒక్కోసారి నెత్తురు చెమ్మ కూడా. రెండోది ఎర్రపూత. ఇది తెలివైన వైద్యుల కన్ను కూడా తప్పించుకుంటుంది. అంగిలి మధ్యలోనో, నాలుక నడుమనో నున్నగా ఎర్రబారిన మచ్చ తప్ప మరేమీ ఉండదు. రోగి చెప్పేది ఒకటే, "కారం తగిల్తే మంటండీ" అని. మూడోది పెదవుల మూలలు పగలడం. మూడింటికీ మూలం ఒకటే, శరీరంలో కాపలా సన్నగిల్లడం. పూత గొంతులోంచి ఆహారనాళంలోకి దిగితే ముద్ద మింగితే గుండెల్లో నొప్పి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెదవి మూలల పగుళ్లు రెండో దశ, తగ్గకుండా ఉండే నోటిపూత మూడో దశ, ఆహారనాళం పూత నాలుగో దశ. అంటే ఒక టార్చిలైటుతో నోట్లోకి చూస్తేనే జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో సగం తెలుస్తుంది.

మన ఇళ్లలో నోటిపూత వస్తే మొదట అనే మాట "వేడి చేసింది." మజ్జిగ, సబ్జా గింజలు, చోడి అంబలి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న బీ కాంప్లెక్స్ బిళ్లలు. మామూలు మనుషుల మామూలు పుండ్లకు ఇది సరిపోతుంది, నాలుగైదు రోజుల్లో తగ్గిపోతాయి. అందుకే ఆ మాటలో తప్పు పట్టను. కానీ రెండు వారాలు దాటిన పూతను, నెలనెలా తిరగబెట్టే పూతను, ముద్ద దిగనివ్వని పూతను కూడా వేడి ఖాతాలో వేస్తే విలువైన నెలలు పోతాయి. ఆ నెలల్లోనే మనిషి బరువు తగ్గుతాడు, టీబీ పట్టుకుంటుంది. కారణం తెలియని నోటిపూత పెద్దవాళ్లలో కనిపిస్తే ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్ష కేంద్రంలో) రక్తపరీక్షకు పంపాలన్నది ఊళ్లో ప్రతి ఆర్ఎంపీ వైద్యుడికీ, ప్రతి మందుల దుకాణదారుకూ తెలియాల్సిన విషయం. పసిపిల్లల లెక్క వేరు. పుట్టిన మొదటి వారాల్లో నాలుక మీద తెల్లపూత ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకూ వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఆరెనిమిది వారాలు దాటాక కూడా పోకపోతే చూపించాలి.

వైద్యం కష్టమైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. నోట్లో రాసే క్లోట్రిమజోల్ చుక్కలు, పూత ఎక్కువైతే ఒకటి రెండు వారాలు ఫ్లుకోనజోల్ బిళ్లలు. ఆహారనాళంలోకి దిగితే మరికొన్ని రోజులు ఎక్కువ. అయితే పూత తగ్గినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. హెచ్ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు వాడుతున్న మనిషికి పూత మళ్లీ వచ్చిందంటే బిళ్లలు మానేశాడో, మందుకు వైరస్ లొంగడం లేదో తేల్చుకోవాలి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష మామూలుగా ఏడాదికోసారి చేస్తారు. ఆ ఏడాది లోపల గడబిడ జరిగితే ముందుగా కబురు చెప్పగలిగేది నోరే.

నాలుక పక్కలకు నిలువు చారలతో తెల్లగా కనిపించే హెయిరీ ల్యూకోప్లేకియా మరో గుర్తు. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెబోరా, జాన్ గ్రీన్‌స్పాన్ దంపతులు దీన్ని తొలిసారి వర్ణించారు. ఇది తుడిస్తే పోదు, నొప్పి ఉండదు, క్యాన్సరుగా మారదు. ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ దీనికి కారణం. ప్రత్యేకంగా మందు కూడా అవసరం లేదు, ఏఆర్‌టీతో దానంతటదే సర్దుకుంటుంది. భయపడాల్సింది చిగుళ్ల కుళ్లుకు. పళ్ల మధ్య చిగురు మొనలు తెగిపోయినట్టు అవుతాయి, ముట్టుకుంటే నెత్తురు, గదిలో పక్కవాళ్లకు తెలిసేంత వాసన, రాత్రి నిద్రపట్టని నొప్పి. పట్టించుకోకపోతే కింద ఎముకే కరిగి, పుచ్చు లేని గట్టి పళ్లు కూడా వారాల్లో కదిలిపోతాయి. దంతవైద్యుడు శుభ్రం చేసి, మెట్రోనిడజోల్ ఇచ్చి, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించమంటే చాలా వరకు అదుపులోకి వస్తుంది. ఆలస్యమైతే పళ్లు పోతాయి. పోయిన ఎముక తిరిగి రాదు.

మిగతావి క్లుప్తంగా: పెదవుల మీద, అంగిలి మీద పొక్కులుగా వచ్చే హెర్పిస్, మానని పెద్ద పుండ్లు, నాలుక మీద టీబీ పుండు, సిఫిలిస్ మచ్చలు, లాలాజల గ్రంథులు ఉబ్బడం. పాశ్చాత్య దేశాల్లో తొలినాళ్ల ఎయిడ్స్‌కు ముఖచిత్రంలా నిలిచిన కపోసీ సార్కోమా మన దేశంలో అరుదు.

ఇక ఈ నేలకు ప్రత్యేకమైన చిక్కు దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం పక్కన అరసవల్లి చుట్టుపట్ల ఊళ్లలో యాభై ఏళ్లు దాటిన ఒక ఆడమనిషి నోరు తెరిచిందనుకోండి. అంగిలి మీద తెల్లగా మందమైన పొర, మధ్యలో ఎర్ర చుక్కలు, పక్కన నల్లబారిన చోటు. ఇవి అడ్డపొగ గుర్తులు కావచ్చు. క్యాండిడా కావచ్చు. పొగ తాగేవాళ్లలో క్యాండిడా ఎక్కువ కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. ఎర్రమచ్చ అయితే మరీ జాగ్రత్త. అడ్డపొగ తాగేవారి అంగిలి మీద ఎర్రమచ్చ క్యాన్సరుకు ముందు దశ కావచ్చు, హెచ్ఐవీ ఉన్నవారిలో అదే చోట ఎర్రమచ్చ మామూలు బూజు పూత కావచ్చు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. నల్లమచ్చలదీ అదే తంతు: పొగాకు వల్ల రావచ్చు, జిడోవుడిన్ బిళ్ల వల్ల రావచ్చు, హెచ్ఐవీ వల్లనే రావచ్చు, పుట్టుకతో వచ్చిన రంగే కావచ్చు. కోపెన్‌హాగెన్ జాబితా ఒక్కటే చదువుకున్న వైద్యుడు ఇక్కడ పొరబడతాడు, అడ్డపొగ ఒక్కటే తెలిసిన వైద్యుడూ పొరబడతాడు. సరైన దారి తిన్ననైనదే: క్యాండిడాకు రెండు వారాలు మందిచ్చి మళ్లీ చూడాలి. మచ్చ అలాగే ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ రెండోసారి రావడం, రప్పించడం దగ్గరే కథ తెగిపోతుంది. చుట్ట ముట్టించే అలవాటు తగ్గుతూ వస్తున్నా, ఆ తరం స్త్రీలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లలో హెచ్ఐవీ ఉన్నవాళ్లూ ఉన్నారు. వలసపోయిన భర్త నుంచి జబ్బు సోకి, అతను పోయాక ఒంటరిగా మందులకు తిరుగుతున్న స్త్రీకి నోట్లో మచ్చ ఆఖరి దిగులు. ఆ తప్పు ఆమెది కాదు, ఆమె నోరు చూడని మనది.

2004 ఏప్రిల్ 1న కేంద్రం ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టింది. మొదటి విడత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా, పరీక్షలో తేలిన ప్రతివారికీ మందు ఇస్తున్నారు. శ్రీకాకుళంలో జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. జిల్లా ఈ కొస నుంచి ఆ కొస ఇచ్ఛాపురానికి నూరు కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి దగ్గర్లోనే మందు ఇచ్చే లింక్ కేంద్రాలు, ఒకేసారి కొన్ని నెలల మందు ఇచ్చే పద్ధతి చాలామందికి మేలు చేశాయి. ఈ మందులు నోటి చరిత్రనే మార్చేశాయి. తెల్లపూత, చిగుళ్ల కుళ్లు, నాలుక చారలు బాగా తగ్గాయి. స్టావుడిన్ వాడిన రోజుల్లో బుగ్గలు పీక్కుపోయి ముఖం చూసి జబ్బు పోల్చేవాళ్లు. ఆ మందును మానిపించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. ఇప్పుడు రోజుకో బిళ్ల. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే.

కానీ తగ్గినవాటి చోట కొత్తవి వచ్చాయి. 2001లో గ్రీన్‌స్పాన్ బృందమే శాన్‌ఫ్రాన్సిస్కోలో గమనించింది: శక్తిమంతమైన మందులు వచ్చాక పూతలు తగ్గాయి గానీ నోట్లో హెచ్‌పీవీ వైరస్ పులిపిర్లు పెరిగాయి. లాలాజలం తగ్గి నోరు ఎండిపోవడం చాలామందిని వేధించే సమస్య. ఉమ్మి పళ్లను కాపాడే కవచం. అది తగ్గితే చిగుళ్ల అంచున, పంటి వేరు దగ్గర పుచ్చు మొదలై చకచకా పాకుతుంది. రొట్టె నమలలేరు, రాత్రి లేచి నీళ్లు తాగుతారు, రుచి తెలియదంటారు. మనిషి ఎక్కువకాలం బతికే కొద్దీ చిగుళ్ల జబ్బు, పళ్ల పుచ్చు పేరుకుపోతాయి. 2014 నవంబరులో ఎయిడ్స్‌లో నోటి ఆరోగ్యంపై ఏడో ప్రపంచ సదస్సు హైదరాబాదులో జరిగింది. అంతకుముందు శాన్‌డియేగో, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్, బీజింగ్ లాంటి చోట్ల జరిగిన ఈ సదస్సు తెలుగు నేల మీదికి వచ్చిందన్న సంగతి మన పత్రికల్లో పెద్దగా చర్చకు రాకపోవడం నాకు విచారం.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. తల్లి నుంచి హెచ్ఐవీ సోకిన పిల్లల్లో కొందరికి చెవి కింద గ్రంథులు రెండు వైపులా ఉబ్బుతాయి, గవదబిళ్లలని పొరబడతారు. నొప్పి లేకుండా నెలల తరబడి ఉంటే అవి గవదలు కావు. మందు చేదును కప్పడానికి తీపి కలిపిన సిరప్‌లు రోజూ రాత్రి తాగి పడుకుంటే పాలపళ్లు పుచ్చిపోతాయి. సిరప్ తాగించాక ఓ గుక్క నీళ్లు తాగించడం, పడుకునే ముందు పళ్లు తోమించడం, ఈ రెండు మాటలు కౌన్సిలర్ మొదటిరోజే తల్లికి చెబితే ఎంత నొప్పి తప్పుతుందో. పుచ్చిన పళ్లతో నమలలేని బిడ్డ తినడు. తినని బిడ్డ బరువు పెరగడు. బరువును బట్టి మోతాదు మారే మందులవి.

పంటిపోటు గురించి ఉత్తరాంధ్రలో అందరికన్నా గట్టిగా మాట్లాడాల్సిన కారణం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాల ఉద్దానంలో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు జనాన్ని తినేస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది, మూలకారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇప్పుడు ఉద్దానంలో హెచ్ఐవీతో ఉన్న ఒక కొబ్బరితోట కూలీని తలచుకోండి. రోజూ వేసుకునే బిళ్లలో టెనోఫోవిర్ ఉంది. అది కొందరిలో మూత్రపిండాలను దెబ్బతీస్తుందని తెలిసిన విషయమే. పిప్పిపన్ను సలుపుతుంది. దంతవైద్యుడి దగ్గరికి వెళ్తే జబ్బు చెప్పాలి, చెబితే పీకరేమోనని భయం. కాబట్టి దుకాణంలో డైక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో పది బిళ్లలు. నొప్పి తగ్గేదాకా, తిరిగొస్తే మళ్లీ. టెనోఫోవిర్ వాడేవారు ఇలాంటి నొప్పిబిళ్లలు ఎక్కువగా వాడి హఠాత్తుగా మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఉద్దానంలో బతికే మనిషికి ఆ ముప్పు ఇంకెంతో ఊహించుకోవచ్చు. పైగా డోలుటెగ్రావిర్ వల్ల అసలు హాని లేకుండానే రక్తంలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె కాస్త పెరిగి కనిపిస్తుంది, అసలు నష్టం ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం దాంతో కష్టమవుతుంది. పన్ను నొప్పికి పారాసిటమాల్ వేసుకుని, వీలైనంత త్వరగా పుచ్చును నింపించుకోవడమో పన్ను తీయించుకోవడమో చేయాలి. ఇది పంటి సలహా అనిపిస్తుంది గానీ, ఉద్దానంలో ఇది మూత్రపిండాల సలహా. ముఖంలో కరెంటు షాకు లాంటి నొప్పికి కొందరు వైద్యులు కార్బమజెపీన్ రాస్తారు; అది డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గించేస్తుంది. నోటికిచ్చే ప్రతి మందునూ ఏఆర్‌టీ పుస్తకం పక్కన పెట్టి చూడాలి.

పన్ను తీయించుకోవడానికి జంకు ఇంకో వైపు నుంచీ ఉంది. పైపన్ను పీకిస్తే చూపు పోతుందన్న నమ్మకం మన పల్లెల్లో బలమైనది. కంటిచూపు కోసం, చర్మ రోగాలు నయం కావాలని మొక్కుకునేవాళ్లు ఆదివారాలు, రథసప్తమి నాడు అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వేలల్లో వస్తారు. కంటి మీద అంత భక్తి ఉన్న చోట చూపు పోతుందన్న భయం పన్నును ఏళ్ల తరబడి కుళ్లబెడుతుంది. పంటి వేర్లకూ కంటి నరానికీ సంబంధం లేదు. పన్ను చీము మాత్రం దవడకూ ముఖానికీ పాకగలదు, అది రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ప్రమాదం. హెచ్ఐవీ ఉన్నవారికి పన్ను పీకకూడదనే మాటకూ ఆధారం లేదు. సీడీ4 తక్కువున్నా పీకొచ్చు. ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్ కణాలు మరీ పడిపోలేదని రక్తపరీక్షలో చూసుకుంటే చాలు. అందరికీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సిన పనీ లేదు.

ఇక దంతవైద్యుల భయం. దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. నెత్తురు, ఉమ్మి, సూదులతో రోజంతా పనిచేసే వృత్తి అది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక దంతవైద్యుడి నుంచి రోగికి హెచ్ఐవీ సోకిందని 1990లో వచ్చిన వార్త ఆ భయాన్ని ప్రపంచమంతా నాటింది. కానీ లెక్కలు చూడండి. మందు వాడని రోగి నెత్తురున్న సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం వెయ్యికి మూడు. అదే హెపటైటిస్ బీ అయితే టీకా వేయించుకోని వైద్యుడికి నూటికి ఆరు నుంచి ముప్పై దాకా. నెత్తురు కలవని ఉమ్మి వల్ల హెచ్ఐవీ సోకదు. రోగి ఏఆర్‌టీ క్రమంగా వాడి వైరల్ లోడ్ కనబడనంత తగ్గితే ముప్పు ఇంకా ఇంకా తగ్గుతుంది. సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపు, వీలైతే రెండు గంటల్లోనే మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే రక్షణ ఉంది. అసలు ప్రమాదం జబ్బు చెప్పిన రోగి కాదు. తన జబ్బు తనకే తెలియని రోగి, లేదా గెంటేస్తారని భయపడి చెప్పని రోగి. ఎవరు వచ్చినా ఒకే జాగ్రత్త, ప్రతి పరికరం ఆటోక్లేవ్‌లో ఉడకాల్సిందే అన్న నియమం పాటించే క్లినిక్‌కు ఈ భయం అవసరమే ఉండదు.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు. వైద్యం చేయడానికి ముందు షరతుగా పరీక్ష అడగకూడదు. ఒప్పుదల లేకుండా పరీక్ష చేయకూడదు, తెలిసిన సంగతి మరొకరికి చెప్పకూడదు. సిబ్బందికి రక్షణ సామగ్రి, సూది గుచ్చుకుంటే మందు అందించే బాధ్యత సంస్థదే. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రస్థాయిలో అంబుడ్స్‌మన్ ఉండాలి. ఈ చట్టం రెండు వైపులా కాపలా కాస్తుంది, వైద్యుడినీ రోగినీ. దీన్ని తెలుగులో ఒక పేజీగా అచ్చువేసి ప్రతి దంతవైద్యశాల గోడ మీద పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంతని? సలహాకు 1097 ఉచిత ఫోన్ నంబరు ఉంది. పేరు చెప్పకుండా మాట్లాడొచ్చు.

వైద్యులు లేరా అంటే ఉన్నారు. శ్రీకాకుళం పక్కనే చాపురంలో శ్రీ సాయి దంత కళాశాల ఉంది. పెద్దాసుపత్రి పట్నంలోనే ఉంది. ప్రభుత్వ దంత కళాశాలలు మాత్రం విజయవాడలో, కడపలో ఉన్నాయి. ఉత్తరాంధ్ర పేద రోగికి రెండూ దూరమే. మందు ఒక గదిలో, పన్ను మరో ఊళ్లో, ఇదే అసలు చిక్కు. ఏఆర్‌టీకి వచ్చినప్పుడు బరువు చూస్తారు, దగ్గు ఉందా అని అడిగి టీబీ జాడ చూస్తారు. ఆ ప్రశ్నల వరసలోనే నోరు తెరిపించి, అంగిలి, నాలుక పక్కలు, చిగుళ్లు చూసే రెండు నిమిషాలు కలపాలి. ఎర్రమచ్చ, మానని పుండు, కదిలే పన్ను కనబడితే చీటీ రాసి దంతవైద్యుడికి పంపాలి, అక్కడ ఈ మనిషి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. అసాధ్యమేమీ కాదు. 1977-78లో మొదలుపెట్టి ఎర్నాకుళం, భావనగర్‌లతో పాటు శ్రీకాకుళంలో దంతవైద్యులు 36 వేల మంది పొగాకు వాడేవారి దగ్గరికి ఏటేటా వెళ్లి నోరు చూశారు, పొగాకు మానమని నచ్చజెప్పారు. మానినవాళ్లు పెరిగారని, నోటి మచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి చేసిన పని ఇది. ఇప్పుడు రోగులే నెలకో మూడు నెలలకో తమంతట తాము ఒకే చోటికి వస్తున్నారు.

మిగిలింది ఇప్పటికే పళ్లు పోయినవాళ్ల సంగతి. ఉచిత మందు రాకముందో, అది ఆలస్యంగా అందడం వల్లో చిగుళ్లు కుళ్లి పళ్లు పోగొట్టుకున్న తరం ఇప్పుడు యాభైల్లో ఉంది. వైరస్ అదుపులో ఉంది, సీడీ4 బాగుంది, ఇంకా పాతికేళ్లు బతకొచ్చు. కానీ వరి అన్నం కూడా మెత్తగా కలిపి చప్పరించి మింగాలి, పప్పు గింజ, మాంసం ముక్క నమలలేరు, నలుగురిలో నవ్వలేరు. కట్టుడు పళ్లు ఇలాంటివారికి అలంకారం కాదు, తిండి. 2024 నుంచి ఏఆర్‌టీ వాడేవారికి రాష్ట్రం నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది, అది మంచి పని. ఆ డబ్బు బియ్యానికి, బస్సుకు, పిల్లల చదువుకు పోతుంది. కట్టుడు పళ్ల ఖర్చు అందులోంచే పెట్టుకోమనడం కాకుండా, మందుబిళ్లను ఉచితంగా ఇచ్చినట్టే పన్ను కట్టించే బాధ్యతనూ ఏఆర్‌టీ కార్యక్రమమే తీసుకోవాలి.